ముందు బెంచీ శాంపిల్

నర్సీపట్నంలో గణేశ్వరరావు రెండు వ్యాపారాలు చేసేవాడు. కింద ఎరువుల కొట్టు, పైన డిగ్రీ కాలేజీ. కింద అమ్మే బస్తా మీద లోపల ఏముందో రాసి ఉండేది. పైన అమ్మే సరుకు మీద ఆ మాత్రం రాత కూడా ఉండేది కాదు. మెట్లెక్కుతుంటే పురుగుమందు వాసన తరగతి గదుల దాకా వెంట వచ్చేది. మూడేళ్లు చదివి దిగిపోయినవాళ్ల ఒంటికి పట్టింది ఏదైనా ఉందంటే ఆ వాసన ఒక్కటే.

రెండువేల మూడు జూన్‌లో రావికమతం అవతల పల్లె నుంచి మంగరాజు కూతుర్ని వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కాడు. ఆయన రెండెకరాల రైతు. కూతురు సత్యలక్ష్మి ఇంటర్ లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుంది.

"ఏ గ్రూపమ్మా కావాలి?" అన్నాడు గణేశ్వరరావు, చీరల కొట్టువాడు రంగు అడిగినట్టు. "ఎం.పి.సి. ఉంది. బి.జెడ్.సి. ఉంది. బి.కాం. ఉంది. ఈ ఏడు కొత్తగా మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ పెట్టాం. ఇప్పుడంతా దానికే గిరాకీ."

"అదేనండి నాకు కావాల్సింది. స్టాటిస్టిక్స్ ఉన్న గ్రూపు," అంది సత్యలక్ష్మి.

మంగరాజు నెమ్మదిగా అడిగాడు. "అదంటే ఏటి బాబూ?"

"లెక్కల్లోనే పెద్ద లెక్కలు మంగరాజు గారూ. హైదరాబాద్ కంపెనీల వాళ్లు బస్సేసుకుని వచ్చి ఎత్తుకుపోతారు."

"కంపెనీలు వద్దండి. మండలాల్లో పంటల లెక్కలు చూసే ఉద్యోగం ఉంటుంది కదా, దానికి డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివి ఉండాలంట. అందుకు," అంది సత్యలక్ష్మి. "లెక్చరర్ ఉన్నారాండి?"

"లెక్చరర్ లేకుండా గ్రూపెలా పెడతామమ్మా? భలేదానివే!" అని నవ్వి, ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆ పిల్లకి ఆ ఉద్యోగం మీద మనసు ఎందుకు పడిందో చెప్పాలి. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ల పల్లెకి పంట కోత ప్రయోగం వచ్చింది. దిగుబడి ఎంతొచ్చిందో తేల్చడానికి ఒక చేలో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు చోటుకి తాడు కట్టి, అందులో పంట కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఆ తూకాన్ని బట్టే పంట బీమా వస్తుందో రాదో తేలుతుంది. తాడు ఎక్కడ కట్టాలన్నది మనిషి ఇష్టం కాదు. అంకెల పట్టిక ఒకటి ఉంటుంది, అది ఏ చోటు చూపిస్తే అక్కడే కట్టాలి. ఆ ఏడు వానల్లేవు. పట్టిక చూపించిన చోటు చేను మధ్యలో, ఎండిపోయిన కుదుళ్ల మీద పడింది. అక్కడికి వెళ్లాలంటే ముళ్లకంపల్లోంచి నడవాలి. వచ్చిన ఉద్యోగి తన బూట్లు చూసుకున్నాడు. కాలువ తూము పక్కన, గట్టు మీద నుంచి చెయ్యి చాపితే అందే చోట నాలుగు మేకులు కొట్టించాడు. ఊళ్లో పచ్చగా ఉన్నదల్లా ఆ ఒక్క మూలే. తూకం బ్రహ్మాండంగా వచ్చింది. బీమా రాలేదు. మంగరాజు గేదెని అమ్ముకున్నాడు.

ఒక మనిషి నాలుగడుగులు నడవడానికి బద్ధకించడం వల్ల ఊరు ఊరంతా ఎండిపోయింది. తిట్టుకుని ఊరుకున్నారు అందరూ. సత్యలక్ష్మి మాత్రం, ఆ తాడు తన చేతికొస్తే పట్టిక చెప్పిన చోటే కడతాననుకుంది. అంతే, అంతకు మించి ఆశ లేదు ఆ పిల్లకి. ఇంత చిన్న ఆశకి కూడా దిక్కులేని ఊరు ఇది.

జూలైలో క్లాసులు మొదలయ్యాయి. గ్రూపులో ఎనిమిది మంది చేరారు. లెక్కలకి ఒకాయన వచ్చేవాడు, ఫరవాలేదు. కంప్యూటర్లకి సోమేశ్ వచ్చేవాడు. ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురుగా అతనికి ఇంటర్నెట్ సెంటర్ ఉంది. స్టాటిస్టిక్స్ గంటకి ఎవరూ వచ్చేవారు కాదు. ఆగస్టులో అడిగితే "వస్తున్నాడు" అన్నారు. దసరా వెళ్లాక అడిగితే "బయల్దేరాడు" అన్నారు. డిసెంబరుకి సోమేశే ఆ పీరియడ్‌లో కూడా వచ్చి గైడు తెరిచి చదవడం మొదలుపెట్టాడు. ఫార్ములా వస్తే, "ఇది ఇంట్లో చూసుకోండి," అని పేజీ తిప్పేవాడు.

ఒకరోజు సత్యలక్ష్మి నిలదీసింది. "సార్, మీరు ఏం చదివారు?"

"బి.కాం. అమ్మా. నన్నెందుకు సంపుతావు? ఆయన సదవమంటే సదువుతున్నాను," అన్నాడు సోమేశ్. దాచుకోకుండా చెప్పాడు, ఆ ఒక్క మర్యాద అతనికి ఉంది. తన దగ్గరున్న పాత టెక్స్టుబుక్కు ఒకటి ఆమెకిచ్చాడు. దాన్ని పట్టుకుని ఆ పిల్ల కిందా మీదా పడి తనే చదువుకుంది. కొంత అర్థమైంది. చాలా కాలేదు. అడగడానికి మనిషి లేడు. తనంతట తాను చదువుకుంటే అన్నీ వచ్చేస్తాయని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఒకసారి ఆ పుస్తకం నూరో పేజీ తెరిచి చూడాలి.

ఫిబ్రవరిలో అసలు సంగతి బయటపడింది. ఆ గ్రూపుకి యూనివర్సిటీ అనుమతి ఇంకా రాలేదు. పిల్లల్ని ముందు చేర్చేసుకున్నాడు, అనుమతి తర్వాత తెచ్చుకుందాం అనుకున్నాడు గణేశ్వరరావు. కమిటీ వచ్చి చూసి సరే అంటేనే ఎనిమిది మందికీ హాల్‌టిక్కెట్లు వస్తాయి. కాదంటే ఏడాది పోయినట్టే.

కమిటీ వచ్చే ముందు రోజు అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "చూడండమ్మా, గ్రూపు నిలబడాలంటే తక్కువలో తక్కువ పాతికమంది పిల్లలు కనబడాలి. ముప్పై మందిని చూపిద్దాం. తక్కినవాళ్లని నేను తెస్తాను. సత్యలక్ష్మీ, నువ్వు ముందు బెంచీ. నీ పక్కన చిట్టి, ఆ పక్కన రాజేశ్వరి. ఏదడిగినా నువ్వే చెప్పాలి. ఎనిమిది జీవితాలు నీ నోట్లో ఉన్నాయి."

చూశారా! అనుమతి తేనివాడు, మాస్టారుని పెట్టనివాడు, అబద్ధమాడినవాడు తను. బరువు మాత్రం పద్దెనిమిదేళ్ల పిల్ల నెత్తిన.

"లెక్చరర్ గురించి అడిగితేనండి?" అంది సత్యలక్ష్మి.

"సోమేశ్ గారున్నారుగా. రేపు టై కట్టుకుని వస్తారు."

మర్నాడు కాలేజీకి పెళ్లికళ వచ్చింది. సోమేశ్ సెంటర్లోని కంప్యూటర్లన్నీ రిక్షా మీద వచ్చాయి. ఒక గది తలుపుకి 'స్టాటిస్టిక్స్ ల్యాబ్' అని అట్ట కట్టారు. అందులో బజారులోని కొట్ల నుంచి అరువు తెచ్చిన కాలిక్యులేటర్లు వరసగా పెట్టారు. ఒకదాని మీద బెల్లం మరక అలాగే ఉంది. కాలేజీకి పిల్లల్ని పట్టుకొచ్చే పనివాడు దేవుళ్లు, అద్దె విద్యార్థులతో ఆటోలు దింపాడు. జూనియర్ కాలేజీ పిల్లలు కొందరు, ఐ.టి.ఐ. కుర్రాళ్లు కొందరు. మధ్యాహ్నం తలా ఒక కోడి పులావు పొట్లం ఇస్తామన్నారు. తల్లిదండ్రులు కూడా కనబడాలని మంగరాజుని కూడా రప్పించారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలో కుర్చీ అంచున కూర్చున్నాడాయన.

కూతురు దగ్గరకొచ్చి మెల్లగా అంది. "నాన్నా, ఇదంతా దొంగ యవ్వారం. ఆళ్లు అడిగితే నాను ఉన్నదున్నట్టు సెప్పేత్తాను."

"ఒలే, నీకు దణ్ణమెడతాను, నోరు మూసుకో. ఏడాది పోద్దే!"

"ఏడాది ఇప్పుడే పోనాది గదా నాన్నా. ఇయ్యాలకి ఒక్క పాఠం సెప్పినోడు లేడు."

"పాఠం ఎవుడిక్కావాల? కాయితం మీద గ్రూపు పేరుంటే ఉజ్జోగం రాదేటి?"

నిజంగానే కాగితం మీద పేరుంటే చాలు అనుకుంది సత్యలక్ష్మి. ఆ బూట్ల ఉద్యోగికి కూడా కాగితం మీద పేరుండే ఉంటుంది.

కమిటీలో ఇద్దరు దిగారు. ఒకాయన స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు, నెరిసిన జుట్టు, మెత్తని గొంతు. రెండో ఆయన ఎక్కడో ప్రిన్సిపాలు. ఆయన కాఫీ తాగుతూనే కునుకు తీశాడు. ఇద్దరికీ పూలదండలు, శాలువాలు, ఏటికొప్పాక లక్కబొమ్మల పెట్టెలు అందాయి. ప్రొఫెసరు అందులో ఒక బొమ్మని తిప్పి తిప్పి చూసి మురిసిపోయాడు. ల్యాబులో కాలిక్యులేటర్లని అంతసేపు చూడలేదు.

తర్వాత క్లాసులోకి వచ్చారు. గది నిండా ముప్పై తలకాయలు. బోర్డు పక్కన టైతో సోమేశ్, మెడ బిగుసుకుపోయి నిలబడ్డాడు. ప్రొఫెసరు సోమేశ్‌ని ఏమీ అడగలేదు. అడిగితే తేలిపోతుందని ఆయనకీ తెలుసు. నేరుగా ముందు బెంచీకి వచ్చాడు.

"యావరేజీలు ఎన్ని రకాలమ్మా?"

చిట్టి తడబడుతూ మూడు చెప్పింది. రాజేశ్వరిని ఒక ఫార్ములా అడిగాడు, సగం చెప్పింది. సత్యలక్ష్మి వైపు తిరిగాడు.

"స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఏమిటో నీ మాటల్లో చెప్పమ్మా."

"సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం సార్. ఒక్కొక్కటి ఆ సగటుకి ఎంత దూరంలో ఉందో కూడా చూడాలి. ఆ దూరాలన్నిటికీ కలిపి ఒక కొలత అది."

ప్రొఫెసరు మొహం విప్పారింది. "శభాష్! గణేశ్వరరావు గారూ, ఇలాంటి మారుమూల ఇంత చక్కగా చెబుతున్నారంటే మెచ్చుకోవాలి. చాలు, ఇంకేం చూడక్కర్లేదు."

గణేశ్వరరావు చేతులు కట్టుకుని వినయంగా తల వంచాడు. ఏ మాస్టారూ చెప్పకుండా ఆ పిల్ల నేర్చుకున్న ఒక్క ముక్క, అతని కాలేజీకి అలంకారమైపోయింది.

"నన్నేమైనా అడుగుతావా అమ్మా?" అన్నాడు ప్రొఫెసరు, వెళ్తూ వెళ్తూ మాట వరసకి.

సత్యలక్ష్మి లేచి నిలబడింది. "ఒక డౌటు సార్. ఈ క్లాసు ఎలా ఉందో తెలుసుకోడానికి మీరు ముగ్గుర్ని అడిగారు. ముగ్గురం ముందు బెంచీలోనే ఉన్నాం. మమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టింది వీళ్లే. ఇది రాండమ్ శాంపిల్ అవుతుందా సార్?"

గణేశ్వరరావు చేతుల కట్టు విడిపోయింది.

ప్రొఫెసరు తడుముకున్నాడు. ఎంతైనా ముప్పై ఏళ్లు ఆ పాఠమే చెప్పినవాడు. "కాదు," అన్నాడు. "కాదమ్మా, అవదు."

"మరి ఎలా తియ్యాలి సార్?"

తప్పించుకునే దారి లేదు. ఆమె బెంచీ మీది పుస్తకం తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్లు మూసుకుని ఒక పేజీ తెరిచాడు. నూట ఇరవై ఆరు. "చివరి రెండంకెలు ఇరవై ఆరు. లెక్కపెట్టండి," అన్నాడు. ముందు నుంచి లెక్కపెడితే ఇరవై ఆరో తలకాయ ఆఖరి బెంచీలో గోడ పక్కన తేలింది. చేతుల నిండా ఇనుప మసి, వేసుకున్నది మాత్రం ఎవరిదో తెల్లచొక్కా.

"పేరేమిటయ్యా?"

"తాతాజీ అండి."

"మీడియన్ అంటే?"

తాతాజీ కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి దేవుళ్లు కళ్లు చిట్లిస్తున్నాడు. ఏమడిగినా ఒకటే జవాబు చెప్పమని పొద్దున్నే అందరికీ నేర్పాడు దేవుళ్లు.

"సిలబస్ అవలేదు సార్."

"ఫిబ్రవరి వచ్చినా అవలేదా? ఇంతకీ ఏ గ్రూపు నువ్వు?"

దేవుళ్లు దీనికి జవాబు నేర్పలేదు. తాతాజీ చాలాసేపు ఆలోచించి నిజం చెప్పాడు.

"ఫిట్టర్ అండి."

వెనక బెంచీలన్నీ పకపకా నవ్వాయి. సోమేశ్ కూడా టై చాటున నవ్వాడు.

"మరి ఇక్కడేం చేస్తున్నావురా?"

"కోడి పులావు పెడతారన్నారండి."

ఇంకేం కావాలి? అంతకంటే తేటగా ఏ దేశంలో ఏ కమిటీకి ఏ సాక్ష్యం దొరుకుతుంది? ప్రొఫెసరు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. గణేశ్వరరావు వైపు చూశాడు. గోడ గడియారం వైపు చూశాడు. అప్పుడు నిద్ర మొహంతో రెండో ఆయన అన్నాడు, "భోజనాల వేళయినట్టుందండీ."

"అవునవును," అన్నాడు ప్రొఫెసరు.

వెళ్లారు. తిన్నారు. కోడి పులావు, రొయ్యల ఇగురు, గడ్డ పెరుగు. వరండాలో సత్యలక్ష్మిని తక్కిన ఏడుగురూ చుట్టుముట్టారు.

"ఏటే నీకు అంత తెలివి? మా నోట్లో మట్టి కొట్టీడానికేటి?" అంది చిట్టి.

"లెక్చరర్ కావాలని ఇన్నాళ్లూ మొత్తుకున్నది నువ్వు కాదేటే?" అంది సత్యలక్ష్మి.

"పరీచ్చల్లో జవాబుల సీటీలు లోపలికి అందించేత్తామన్నారు గదా. ఇంక లెక్చరర్ ఎందుకే? గ్రూపు ఉంటే సాలు."

సత్యలక్ష్మి వాళ్లని తప్పించుకుని కుళాయి వైపు నడిచింది. గణేశ్వరరావుని అసహ్యించుకోవడం తేలిక. అదే బెంచీలో పక్కన కూర్చున్న స్నేహితురాలే అతని మాట అంటుంటే ఎవర్ని అసహ్యించుకోవాలి?

చెయ్యి కడుక్కోడానికి కుళాయి దగ్గరకొచ్చిన ప్రొఫెసరు ఆమెని చూసి ఆగాడు. పక్కన ఎవరూ లేరని చూసుకుని, మెత్తగా అన్నాడు.

"మంచి ప్రశ్న అడిగావమ్మా. నా ఎం.ఎస్సీ. పిల్లలు కూడా అడగరు. నువ్వు పైకొస్తావు."

"మరి రిపోర్టులో ఏం రాస్తున్నారు సార్?"

"ఏం రాస్తాను? అనుమతి ఇవ్వొచ్చని రాస్తాను. లేదంటే నష్టపోయేది ఎవరు? నువ్వే కదా. నీలాంటి తెలివైన పిల్ల ఏడాది పాడవకూడదనే రాస్తున్నాను. నీ కోసమే అనుకో."

థూ! రొయ్యల ఇగురు కోసం రాస్తున్నానన్నా ఆ మనిషిని మనిషిగా చూడొచ్చు. శాలువా కోసమన్నా సరే. చెయ్యి కడుక్కుంటూ, ఆ మురికినీళ్లు ఆ పిల్ల మీదే పోశాడు.

"నా కోసం వద్దు సార్," అంది సత్యలక్ష్మి.

"చిన్నదానివి. నీకు తెలియదు," అని చేతులు దులుపుకుని వెళ్లాడు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. వెనక నుంచి ఎవరో గొంతు సవరించారు. తాతాజీ.

"ఏటమ్మా, నన్నే లేపాలా నీకు? ముప్పైమందిలో నానొక్కడినే దొరికానేటి? దేవుళ్లు నాకు పొట్లం ఎగ్గొట్టీసాడు."

"నిన్ను నాను లేపలేదు బాబూ. పుస్తకం లేపింది."

"పుస్తకానికేటి, అది అన్నం తినదు గదా!"

నవ్వొచ్చింది ఆమెకి, అంత అసహ్యంలోనూ. తన వాటా పొట్లం విప్పకుండా అతని చేతిలో పెట్టింది. అతను మెట్ల మీద కూర్చుని అక్కడే విప్పాడు.

ఆమె తండ్రి దగ్గరకి వెళ్లింది. "నాన్నా, నా సర్టిఫికెట్లు అడిగేత్తాను. జూన్‌లో వైజాగులో చేరతాను. అక్కడ పాఠాలు సెప్పేవాళ్లున్నారంట, సోమేశ్ సారే సెప్పినారు."

"ఇప్పుడా? ఇచ్చేత్తాడా ఆ మారాజు? మూడేళ్లూ అయిందాకా ఒక్కడికీ ఇవ్వడంట!"

"ఇప్పుడే ఇత్తాడు నాన్నా. ఆళ్లు ఎల్లిపోతే ఇవ్వడు. బేగి రా."

మంగరాజుకి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక కండువా సర్దుకుని లేచాడు.

గణేశ్వరరావు గదిలో ముగ్గురూ కిళ్లీలు నములుతున్నారు. బల్ల మీద రిపోర్టు, ప్రొఫెసరు చేతిలో కలం. ఇంకా సంతకం పడలేదు.

"ఏమ్మా?" అన్నాడు గణేశ్వరరావు. మొహం నవ్వుతోంది, కళ్లు నవ్వడం లేదు.

"నా ఒరిజినల్స్ ఇప్పించండి సార్. కాలేజీ మానేస్తున్నాను."

"తర్వాత మాట్లాడుకుందాం తల్లీ. సార్లున్నారు కదా."

"సార్లున్నప్పుడే ఇప్పించండి. ఎందుకు మానేస్తున్నానో సార్లు అడిగితే అది కూడా చెబుతాను. ఇందాక క్లాసులో చెప్పనివి ఇంకా ఉన్నాయి."

రెండో ఆయన కూడా కళ్లు తెరిచాడు. గణేశ్వరరావు కిళ్లీ నమలడం ఆపి మంగరాజు వైపు తిరిగాడు. "మంగరాజు గారూ, మీరైనా చెప్పండి. బంగారంలాంటి ఏడాది."

మంగరాజు ఇస్త్రీ చొక్కాలో ఇబ్బందిగా కదిలాడు. ఆయనకి ఏడాది పోతోందన్న బాధ మొహంలో కనబడుతూనే ఉంది. "నాకేటి తెలుసు బాబూ? పిల్ల అడుగుతాంది గదా. ఇచ్చీండి," అన్నాడు.

గణేశ్వరరావు కలం వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. బొడ్లోంచి తాళాలగుత్తి తీశాడు. బీరువా తెరిచి, కవరు వెతికి, రెండు చేతులతో అందించాడు. ఇద్దరు పెద్దమనుషుల ముందు నవ్వుతూ, "మా కాలేజీలో ఎవర్నీ బలవంతం చెయ్యమండీ," అన్నాడు కూడా.

సత్యలక్ష్మి కవరు తెరిచి అన్నీ ఉన్నాయో లేదో నిలబడే చూసుకుంది. ప్రొఫెసరుకి దణ్ణం పెట్టలేదు. తండ్రీ కూతుళ్లు మెట్లు దిగారు. దిగుతుంటే మంగరాజు అన్నాడు, "వైజాగులో ఎక్కడుంటావే ఒలే?" ఆమె ఏదో చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అయినా కవరు మాత్రం ఆమె చేతిలోంచి తీసుకుని, చెమట తగలకుండా కండువాలో చుట్టుకున్నాడు.

పైన గదిలో ప్రొఫెసరు కలం మూత తీసి, కాగితం మీద ఒక చోట ఆగాడు.

"విద్యార్థుల సంఖ్య ఎంత వేశారు గణేశ్వరరావు గారూ?"

"ముప్పై అండి."

"ఆ అమ్మాయి వెళ్లిపోయింది కదండీ," అన్నాడు ప్రొఫెసరు. ముప్పై కొట్టేసి, పక్కన గుండ్రంగా ఇరవై తొమ్మిది అని వేశాడు. "లెక్క సరిగ్గా ఉండాలి," అని సంతకం పెట్టాడు.